చిన్నల్లుడి కార్బన్ సైకిలు

అత్తారింట్లో పెద్దల్లుణ్ణి డాక్టరుగారు అంటారు, ఆయన పళ్ల డాక్టరు కాబట్టి. రెండోవాణ్ణి చిన్నల్లుడు అంటారు. స్టిక్కర్లు అంటించేవాణ్ణి స్టిక్కరుగారూ అని పిలవలేరు కదా!

చిన్నల్లుడి షాపు బజారు వీధి మలుపులో ఉంది. బండ్ల మీద గీతలు, అద్దాల మీద పేర్లు, సొట్టపోయిన ఫ్రిజ్ తలుపు మీద చెక్క డిజైను, ఎవరికి ఏది కావాలంటే అది అంటిస్తాడు. ఈమధ్య మాత్రం వచ్చినవాళ్లంతా కార్బన్ స్టిక్కరే అడుగుతున్నారు. అసలు కార్బన్ అంటే బొగ్గుపోగుల్ని బట్టలా నేసి, జిగురు పట్టించి, గట్టిపరిచిన సరుకు. ఉక్కంత గట్టిది, ఎత్తితే చేతికి బరువే తెలియదు, ధర అడిగితే మాత్రం గుండె గుభేలుమంటుంది. పైన సన్నటి చాప అల్లికలా నల్లటి గళ్లు మెరుస్తుంటాయి. ఆ గళ్లను ప్లాస్టిక్ కాగితం మీద అచ్చేసి చుట్టలుగా అమ్ముతారు. ఆ చుట్టలోంచి కోసి స్కూటర్లకీ, లాప్‌టాప్‌లకీ, చివరికి ఒక ముసలాయన చేతికర్రకీ అంటించిన ఘనుడు మనవాడు. ఆ ముసలాయన మర్నాటి నుంచి ఛాతీ విరుచుకుని నడిచాడని వీధిలో చెప్పుకున్నారు.

ఆదివారం పొద్దున్నే మామగారు అల్లుళ్లిద్దర్నీ వెంటబెట్టుకుని ఊరి చివర నీళ్ల ట్యాంకు గుట్ట దాకా సైకిలు తొక్కుతారు. అక్కచెల్లెళ్లిద్దరూ అరటిపళ్లూ మంచినీళ్లూ పట్టుకుని స్కూటర్ మీద ముందే గుట్టెక్కి కూర్చుంటారు. అన్నీ బాగానే సాగుతుండగా డాక్టరుగారు అసలు సిసలు కార్బన్ సైకిలు కొన్నారు. కొన్నాయన కిక్కురుమనకుండా తొక్కుకోవచ్చుగా! అబ్బే. "తమ్ముడూ, ఒక్క వేలితో ఎత్తి చూడు" అంటారు. పైగా రోగి పన్ను గోటితో కొట్టి చెవి పెట్టి వినే అలవాటు ఆయనకి చేతుల్లోంచి పోదు. చిన్నల్లుడి సైకిలు హ్యాండిల్ మీద గోటితో కొట్టి, ఠంగుమన్న మోత వినబడగానే, పుచ్చిపోయిన పన్ను చూసినట్టు మొహం పెట్టారు. "అల్యూమినియం" అన్నారు జాలిగా.

ఆ తర్వాత చిన్నల్లుడికి ఆదివారం వచ్చేసరికి మోకాలు పట్టేయడం మొదలైంది. సైకిలు బాల్కనీలో తువ్వాళ్లు ఆరేసుకోవడానికి పనికొచ్చింది.

అతని భార్య కళ్లజోళ్ల షాపులో లెన్సులు బిగిస్తుంది. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ గమనిస్తుంది. ఒక సాయంత్రం అతను ఇంటికి రాగానే చేయి పట్టుకుని బాల్కనీలోకి తీసుకెళ్లింది.

"చూడండి. హ్యాండిలూ సీటు రాడ్డూ కార్బన్ వేయించాను."

చిన్నల్లుడు చూశాడు. ఒక్క చూపు చాలు, అతనికి విషయం అర్థమైపోయింది. స్టిక్కరు! అదీ తన షాపులో దొరికే రకమే. గళ్లు ఎక్కడ మళ్లీ మొదటికొస్తాయో కూడా అతనికి కంఠతా వచ్చు. ఎవడో దౌర్భాగ్యుడు మామూలు గొట్టాలకి స్టిక్కరు చుట్టి ఈ అమాయకురాలికి అంటగట్టాడు. నోటిదాకా వచ్చిన తిట్టు ఆవిడ మొహం చూడగానే అక్కడే ఆగిపోయింది. ఆవిడ పెదవులు బిగించి, కళ్లు పెద్దవి చేసుకుని అతని మాట కోసం చూస్తోంది.

"అబ్బ! కార్బనే!" అన్నాడు చిన్నల్లుడు. "అసలుది. చూస్తేనే తెలిసిపోతోంది."

ఆవిడ ఏదో అనబోయి ఊరుకుంది. కాసేపు అతని మొహంలోకే చూసింది.

"నచ్చిందా?" అంది చివరికి.

"నచ్చడమేమిటి, ఈ ఆదివారం దీని మీదే వస్తున్నానని మీ నాన్నకి చెప్పు."

అనేశాక అసలు సంగతి గుర్తొచ్చింది. ఆదివారం అంటే డాక్టరుగారు. డాక్టరుగారంటే గోరు. తన సంగతి సరే, తన పరువు ఎప్పుడో పోయింది. కానీ అక్క ముందు, బావ ముందు, కన్నతండ్రి ముందు, మోసపోయి స్టిక్కరు కొనుక్కొచ్చిన మనిషిగా ఆవిడ నిలబడాలా? ప్రాణం పోయినా అలా జరగనివ్వకూడదనుకున్నాడు.

మర్నాడు గాలి కొట్టించాలని చెప్పి సైకిలు షాపుకి తీసుకుపోయాడు. షట్టరు సగం దించి, కింద కూర్చుని పరీక్ష చేశాడు. మోసం చేసినవాడి మీద ఎంత కోపమున్నా, హ్యాండిల్ వంపు దగ్గర ఒక్క ముడతైనా లేదని ఒప్పుకోక తప్పలేదు. "దొంగవెధవే గానీ చేయి తిరిగినవాడు" అనుకున్నాడు. సీటు రాడ్డు దగ్గరకొచ్చేసరికి మళ్లీ మండిపోయాడు. రాడ్డు ఫ్రేములోకి దిగే చోట, బిగింపు పట్టీకి పైనే స్టిక్కరు ఆగిపోయింది. వెంట్రుకంత తెల్లటి లోహం కనిపిస్తోంది. మోసం చేసేవాడు కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయొద్దూ!

అంచు కనిపిస్తే చిన్నల్లుడికి నిద్రపట్టదు. రాడ్డు బయటికి లాగి, ఉన్న స్టిక్కరు మీదే ఇంకో పొర, పై నుంచి కింది కొస దాకా పూర్తిగా చుట్టాడు. వేడిగాలి కొట్టి, ప్లాస్టిక్ బిళ్లతో రుద్ది బుడగలు పోగొట్టాడు. ఇప్పుడు రాడ్డు ఫ్రేములో దూరనంది. స్టిక్కరు పనివాడికి దూరనిదంటూ ఉండదు, సబ్బునీళ్లున్నాయిగా. గొట్టం నిండా సబ్బునీళ్లు పట్టించి, తిప్పి తిప్పి తోసి, పట్టీ బిగించాడు. తర్వాత హ్యాండిల్ కొసన మూత తీసి, ఠంగుమనకుండా పాత సాక్సులు కుక్కాడు. అంతా అయ్యాక గోటితో కొట్టాడు. టుక్. ఆ చప్పుడు విని అతనికి కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది.

ఆ వారమంతా భార్య అతన్ని ప్రత్యేకంగా చూసుకుంది. మాటిమాటికీ దగ్గరకొచ్చి కళ్లలోకి చూసేది. వంటింట్లో బల్బు తీయించి, ఎక్కువ వెలుగునిచ్చేది పెట్టించింది. పేపరు చదువుతుంటే, "అక్షరాలు సరిగ్గానే కనిపిస్తున్నాయా?" అని అడిగింది. ఇదంతా ప్రేమేననుకుని చిన్నల్లుడు పొంగిపోయాడు. వెంటనే జాలిపడ్డాడు కూడా. పిచ్చిది, ఎంత తెలివితక్కువగా మోసపోయింది!

ఆదివారం వచ్చింది. మామగారి గేటు ముందు డాక్టరుగారు వంగి, హ్యాండిల్ మీద గోటితో కొట్టారు. టుక్. చెవి దగ్గరగా పెట్టి మళ్లీ కొట్టారు. టుక్.

"ఊఁ, గట్టిదే" అన్నారు అయిష్టంగా. ఇంకెక్కడైనా లోపం ఉందేమోనని సీటు రాడ్డు పైనుంచి కింది దాకా చూశారు. అంచు కనపడలేదు. "ఎక్కడ కొన్నావు తమ్ముడూ?"

"నేను కాదన్నయ్యా, మీ మరదలు కొనిచ్చింది" అన్నాడు చిన్నల్లుడు, గర్వంగా.

మామగారు ఆ మాట విని మురిసిపోయారు. ముగ్గురూ బయల్దేరారు.

గుట్ట ఎక్కడం మొదలయ్యేదాకా చిన్నల్లుడంత సుఖంగా ఉన్న మనిషి ఆ రోడ్డు మీద లేడు. ఎక్కుతుంటే మాత్రం ఏదో తేడాగా అనిపించింది. పక్కన వస్తున్న డాక్టరుగారు ఎత్తు పెరుగుతున్నారు. కాసేపటికి మామగారూ పెరిగారు. ముందు ఆయన భుజాలు కనిపించేవి, ఇప్పుడు మోచేతులు కనిపిస్తున్నాయి. తన మోకాళ్లేమో పొట్టను పొడుస్తున్నాయి. అప్పటికి అర్థమైంది. పెరుగుతున్నది వాళ్లు కాదు, దిగుతున్నది తన సీటు.

సబ్బు పట్టిన స్టిక్కరు పట్టీలో నిలబడక రాడ్డు జారిపోతోంది. తోడల్లుడి ముందు ఆగి చూసుకుంటే గుట్టు రట్టవుతుంది. ఆగకపోతే సీటు ఇంకా దిగుతుంది. ఇంకెవడైనా అయితే ఆగేవాడు. మనవాడు ఆగలేదు. పళ్లు బిగించి, చిన్నపిల్లల మూడు చక్రాల బండి తొక్కుతున్న పెద్దమనిషిలా మోకాళ్లు పక్కలకి విరుచుకుని, గుట్ట మీదున్న భార్య కళ్లెదుటికే వచ్చి ఆగాడు.

"ఇదేంటండీ, ఇంత పొట్టిగా అయిపోయారు?" అంది వదినగారు అరటిపండు ఒలుస్తూ.

డాక్టరుగారు అప్పటికే కిందికి వంగారు. సీటు కింద, పట్టీకి పైన, స్టిక్కరంతా జారిన మేజోడులా ముడతలు పడి గుట్టగా పేరుకుంది. ముడతల సందుల్లోంచి రాడ్డు తెల్లగా మెరుస్తోంది. ఆయన రెండు వేళ్లతో కొస పట్టుకుని, పన్ను పీకేవాడి నేర్పుతో లాగారు. స్టిక్కరు సర్రున ఊడొచ్చింది.

"తమ్ముడూ, ఇది స్టిక్కరు!"

అనుమానం ముదిరి హ్యాండిల్ మూత కూడా లాగారు. సాక్సు బయటికొచ్చింది. దాని వెనకే ఇంకో సాక్సు.

చిన్నల్లుడు భార్య వైపు చూడలేదు. ఛాతీ ముందుకు పెట్టి నిలబడ్డాడు. "నేనే అంటించానన్నయ్యా. మీ దగ్గర గొప్పకి పోయి. మీ మరదలికేం తెలీదు. తనని ఎవరూ మోసం చేయలేదు."

"ఆయన కాదు బావగారూ" అంది భార్య, అదే క్షణంలో. "నేనే అంటించాను."

మామగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. డాక్టరుగారు చేతిలో ఉన్న ముక్కను వెలుగుకి పట్టి చూసి, "రెండు పొరలున్నాయి" అన్నారు నోరు వెళ్లబెట్టి.

"నువ్వా? నువ్వు అంటించావా?" అన్నాడు చిన్నల్లుడు.

"మరెవరు? మీ షాపుకి క్యారేజీ తెచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నాగా. మిగిలిన ముక్క ఒకటి తెచ్చుకున్నాను. ఆ రాడ్డూ ఆ హ్యాండిలూ మీ పాతవే కదండీ! చూసుకోలేదా?"

చిన్నల్లుడు అప్పుడు చూశాడు. హ్యాండిల్ కొసన గేటుకి గుద్దుకుని పడ్డ సొట్ట కూడా అక్కడే ఉంది. వారం రోజులు పైనున్న కాగితాన్నే చూశాడు తప్ప కింద ఏముందో చూడలేదు.

"మరి కార్బన్ అని ఎందుకు చెప్పావు?"

"నవ్వుతారని! బాల్కనీలో మొహం వేలాడేసుకుని కూర్చుంటున్నారు కదా. చూడగానే 'ఏంటే ఈ అతుకు' అని పెద్దగా నవ్వుతారనుకున్నాను. మీరేమో 'అబ్బ, కార్బనే' అన్నారు. స్టిక్కరాయనకి స్టిక్కరు తెలీలేదంటే కళ్లు పోతున్నాయని హడలిపోయాను. రేపు మా షాపులో మీకు కళ్ల పరీక్ష పెట్టించాను కూడా!"

"నాకెందుకు తెలీదే! చూసిన క్షణమే తెలుసు. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

ఇక్కడితో ఆవిడ కరిగిపోతుందని అతను అనుకున్నాడు. ఆవిడ మొహం ఎర్రబడింది.

"అంటే? నన్నెవడో మోసం చేశాడనుకున్నారా? కళ్లజోడు అద్దం మీద కనీ కనిపించని గీతని కూడా పట్టుకునేదాన్ని, గొట్టానికి చుట్టిన స్టిక్కరు తెలీదనుకున్నారా? వారం రోజులు నా వైపు జాలిగా చూసింది అందుకా? అది ప్రేమనుకున్నాను!"

చిన్నల్లుడు లెక్క చూసుకున్నాడు. డాక్టరుగారు ఆవిణ్ణి చులకన చేస్తారేమోనని తను రాడ్డుకి స్టిక్కర్లు చుట్టాడు, గొట్టంలో సాక్సులు కుక్కాడు, సీటు కిందికి జారినా తొక్కాడు. ఆవిణ్ణి చులకన చేసింది మాత్రం డాక్టరుగారు కాదు, తనే. ఆ సంగతి తెలిసి సిగ్గుతో తల దించుకున్నాడు.

"అయితే ఇది కార్బన్ కాదన్నమాట" అన్నారు డాక్టరుగారు. ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మామగారు జేబురుమాలుతో రాడ్డుకున్న సబ్బూ జిగురూ తుడిచి, సీటు పైకి లాగి, పట్టీ బిగించారు. "కూర్చో అల్లుడూ" అన్నారు. అల్లుడు కూర్చోలేదు. వంగి హ్యాండిల్ వంపు దగ్గర వేలితో నిమిరాడు. అక్కడ భార్య అంటించింది అంటించినట్టే ఉంది. షాపు పెట్టిన దగ్గర్నుంచీ అతను ఎవరి పనినీ మెచ్చుకుని ఎరగడు. పక్క వీధి స్టిక్కర్లవాడి పని చూస్తే రెండు రోజులు అన్నం సయించదు.

"ఈ వంపు దగ్గర నాకు ముడత పడుతుంది" అన్నాడు. "ఎన్నిసార్లు చేసినా పడుతుంది. దీనికి పడలేదు. పట్టీ పైన ఆపేయడం కూడా నువ్వు చేసిందే సరైనది. నా పనికన్నా నీ పనే బాగుంది."

ఆవిడ ఇంకా అటు తిరిగే ఉంది.

"వినపడలేదు" అంది.

చిన్నల్లుడు గట్టిగా ఊపిరి పీల్చుకుని, డాక్టరుగారికీ, మామగారికీ, వదినగారికీ, గుట్ట మీద షికారుకొచ్చిన జనానికీ వినపడేలా మళ్లీ చెప్పాడు. జనం తలలు తిప్పి చూశారు. ఆవిడ ఇటు తిరిగి, "షట్టరు మీద నా పేరు కూడా రాయించండి, ముందు మీది, తర్వాత నాది" అంది.

"ముందు నీదే" అన్నాడు చిన్నల్లుడు.