కాంతి కుడికి తిరిగింది

మందు నింపిన సూది జారి చూపుడువేలి చివర దిగినప్పుడు నేను భయపడలేదు. సీసా మీద విల్మార్ చేతిరాతతో "కుడి" అని ఉంది.

మాంటెవీడియోలోని ఈ ప్రయోగశాలలో విల్మార్, నేను పన్నెండేళ్లుగా కలిసి పనిచేస్తున్నాం. మేం తయారుచేసే అణువుకు రెండు రూపాలు. అద్దంలో బొమ్మల్లా ఒకటి ఎడమ, ఒకటి కుడి. రక్తంలోని ఎంజైము ఎడమదాన్ని మాత్రమే కోస్తుంది. ఆ ముక్కలు వాటంతటవే ఒకదానికొకటి అతుక్కుని దారాలవుతాయి. దారాలు కణాన్ని బిగించి చంపేస్తాయి. కేన్సర్ గడ్డల కోసం చేసిన మందు అది. కుడిది ఒంట్లో ఏమీ చేయదు.

విల్మార్ మాతే కషాయం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమే నిబియా, ఎలకలు చాలక నిన్ను నువ్వే పొడుచుకుంటున్నావా?"

"కుడిదేలే. నీ కషాయం లోపలికి తేకు."

అతని నవ్వు ఆగిపోయింది. "ఏ సీసా?"

చూపించాను.

"మందు గుండా పంపిన కాంతి కుడికి తిరిగిందని అలా రాశానే. అణువు ఎడమదే."

"ఏంటీ?"

"ఎడమ అణువు కూడా కాంతిని కుడికి తిప్పొచ్చుగా. నీకు తెలుసనుకున్నా..."

"ఒరే దరిద్రుడా! నేనడిగింది కాంతి సంగతా, అణువు సంగతా?"

రబ్బరు తొడుగు చింపి వేలి మొదట్లో బిగించి కట్టాను. విల్మార్ ఆ సీసాలోంచి కాస్త తీసి, చిన్న గొట్టంలో ఎంజైముతో కలిపాడు. తలకిందులు చేస్తే కారాలి. కారితే కుడిది.

ఆరో నిమిషంలో తిప్పాడు. జెల్లీలా పైనే నిలిచిపోయింది.

కారులో విల్మార్ ఏడుస్తున్నాడు.

"ఏడుపు తర్వాత. ముందు రోడ్డు చూడు," అన్నాను.

ఆసుపత్రిలో సర్జన్ ఎచెవెర్రీ వేలు నొక్కి చూశాడు. "మెత్తగానే ఉందమ్మా. సూదిపోటుకి ఇంత కంగారా?"

"గంటలో గట్టిపడుతుంది డాక్టర్‌గారూ. అప్పటికి ఆ మందు అరచేతిలోకి వస్తుంది. ఇప్పుడే కోయండి."

ఆయన విల్మార్ వైపు చూశాడు.

"నిజమేనండీ. తప్పు నాది," అన్నాడు విల్మార్ నేలచూపులు చూస్తూ.

చేతికి మాత్రం మత్తు ఇచ్చి వేలి చివర కోశాడు. కత్తికి తెల్లటి పోగులు అంటుకుని సాగాయి. ఆయన మొహం మారిపోయింది. ఇంకేమీ అడగకుండా వేలిని మొదటి కణుపు దగ్గర తీసేశాడు. కోసిన అంచులో అక్కడా తెలుపే.

"ఇక్కడికీ వచ్చేసింది," అన్నాడు గొంతు తగ్గించి.

మత్తు వల్ల నాకు నొప్పి తెలియడం లేదు. అది ఎక్కడిదాకా పాకిందో తెలియకపోవడమే ఎక్కువ భయంగా ఉంది.

"రెండో కణుపు. త్వరగా," అన్నాను.

మూడో కోతలో ఎర్రటి మాంసం కనిపించింది. తెలుపు లేదు. ఎచెవెర్రీ ఊపిరి వదిలి కత్తి పక్కన పెట్టాడు.

మళ్లీ చూడమన్నాను. చూశాడు. ఇంకోసారి చూడమన్నాను.