నిలబెట్టిన బండి తాగిన పెట్రోలు

అత్తగారు చిన్నకొడుకుతో మాట్లాడటం మానేసి రెండు నెలలైంది. ఉండేది ఒకే ఇంట్లో, తినేది ఒకే బల్ల దగ్గర. మధ్యలో పెద్దకోడల్ని కూర్చోబెట్టుకుని ఇద్దరూ మాటలు నడిపిస్తున్నారు.

"అమ్మాయ్, ఆ పెద్దమనిషికి చెప్పు, చల్లారకముందే తినమని."

"వదినా, ఆవిడగారికి చెప్పు, నాకు ఆకలి లేదని."

"ఇద్దరికీ చెవులు బాగానే ఉన్నాయి కదా," అనేది కోడలు. అన్నా ఆ మాట ఎవరి చెవికీ ఎక్కేది కాదు.

గొడవంతా వెనక షెడ్డులో ఉన్న నాలుగు చక్రాల బండి గురించి. ఊరి బయట ఇసుక దిబ్బల మీద, సెలవు రోజుల్లో జనం సరదాకి తోలే రకం అది. మావగారు ముచ్చటపడి కొన్నారు. చిన్నకొడుకు ఒకసారి దాన్ని దిబ్బ మీంచి పల్టీ కొట్టించి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఇక జన్మలో బండేసుకుని ఆ దిబ్బలకేసి వెళ్లనని తండ్రికి మాటిచ్చాడు. మరుసటేడు మావగారు జబ్బుచేసి పోయారు. ట్యాంకు నిండుగా లేకపోతే బండి పాడవుతుందని ఆయన అంటూ ఉండేవారు. అందుకని ఎండలు ముదరక ముందు అత్తగారు పెద్దకొడుకు చేత పెట్రోలు అంచుదాకా పోయించి, మూత బిగించి, బండి మీద దుప్పటి కప్పింది.

మూడు నెలలు పోయాక ఎందుకో మనసు పీకి, ట్యాంకులో పుల్ల ముంచి చూసింది. నాలుగు వేళ్లు తగ్గింది. షెడ్డు తాళంచెవి అప్పటిదాకా అందరికీ అందేలా మేకుకే వేలాడుతుండేది. పుల్ల తెచ్చి కొడుకు ముందు పెట్టి, "మీ నాన్నకిచ్చిన మాట ఇదా?" అంది. అతను ఔననలేదు, కాదనలేదు. లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆవిడకి ఆ మౌనమే సాక్ష్యమైంది. తాళంచెవి దిండు కింద దాచింది. అయినా పెట్రోలు తగ్గుతూనే ఉంది.

"దొంగతాళం చేయించాడు," అంది కోడలితో. "లేకపోతే పెట్రోలుకి కాళ్లొచ్చాయా?"

కోడలి ఉద్యోగం గాలి బాగోగులు చూసే ఆఫీసులో. ఆ ఏడు ఆమెకి అప్పగించిన పని కూడా ఇలాంటి బండ్లదే. ఊళ్లో ఉన్న సరదా బండ్లన్నీ కలిసి గాలిని ఎంత పాడుచేస్తున్నాయో అంచనా కట్టాలి. ప్రతి బండి వెనకా పరుగెత్తి పొగ కొలవలేరు. అందుకని బండ్లెన్నో, ఒక్కోటి ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతుందో, గంటకి ఎంత వదులుతుందో తెలుసుకుని మూడూ హెచ్చవేస్తారు. గంటల కోసం ఆమె గడప గడపకీ తిరిగింది. లెక్క సరిచూద్దామని దిబ్బల దారిలో ఉన్న బంకు ఈ బండ్లకి అమ్మిన పెట్రోలుతో పోల్చి చూసింది. జనం చెప్పిన గంటలకి పట్టేదానికంటే చాలా ఎక్కువ పెట్రోలు ఖర్చయింది.

పెద్దసారు చూసి నవ్వాడు. "గంటలు తగ్గించి చెప్తారమ్మా. ఎక్కువ చెప్తే పన్నేస్తామని భయం. ఆ గంటల్ని ఒకటిన్నరతో హెచ్చవేసెయ్, అతికిపోతుంది."

"అంటే అందరూ అబద్ధమే చెప్పారంటారా సార్?"

"నేననలేదు. నీ లెక్కే అంటోంది."

ఇంట్లో విన్న మాటే ఆఫీసులోనూ విన్నట్టనిపించింది ఆమెకి. తిరిగిన గంటలకీ పోయిన పెట్రోలుకీ పొంతన లేకపోతే, మనిషే దొంగ.

ఆ రాత్రి భోజనాల దగ్గర మరిది పళ్లెంలోకి చూస్తూ అన్నాడు. "వదినా, వచ్చే నెల వేరే గది తీసుకుంటున్నాను. చెప్పాల్సినవాళ్లకి చెప్పు."

చెప్పాల్సినావిడ నీళ్ల గ్లాసు అటు జరిపి ఇటు జరిపింది.

మర్నాడు సెలవు. మిట్టమధ్యాహ్నం పాత బకెట్టు కోసం కోడలు అత్తగారిని తాళంచెవి అడిగి షెడ్డు తెరిచింది. రేకుల కింద వేడి మొహాన కొట్టింది. దాంతో పాటే పెట్రోలు వాసన, ముక్కు పగిలిపోయేంత. దుప్పటెత్తి చూస్తే కారిన మరక లేదు. పైపు పొడిగా ఉంది. మూత గట్టిగానే ఉంది, మధ్యలో గాలాడే సన్నటి బెజ్జం తప్ప.

అక్కడే నిలబడిపోయింది. ఆఫీసువాళ్లు కట్టే కార్ల లెక్కలో ఆగి ఉన్నప్పుడు ట్యాంకు నుంచి పోయే ఆవిరికి ఒక పద్దు ఉంటుంది. పగటి వేడికి పొంగి బయటికొస్తుంది, కొంత ప్లాస్టిక్ గోడల్లోంచే ఊరిపోతుంది. ఈ బండ్ల లెక్కలో ఆ పద్దే లేదు. ఆగిన బండికి గంటలు సున్నా గనక పొగా సున్నా అని తనే రాసుకుంది. ఏడాదిలో పది రోజులు తిరిగి మిగతా రోజులు ఎండలో నిలబడే బండ్లు ఊళ్లో ఎన్నో.

మరిదిని బతిమాలి ఒక నెల ఆపింది. భర్త చేత ట్యాంకు ఊడదీయించి, పైపు కన్నం మూయించి, అంచుదాకా పోయించి, పాత సామాన్ల కొట్టువాడి కాటా తెచ్చి తూచింది. అత్తగారు తన చేత్తో కొత్త తాళం వేసింది.

"ఇంజను లేదు, చక్రాల్లేవు," అన్నాడు భర్త. "ఇప్పుడు దీని మీద ఊరేగాలంటే మావాడు నెత్తిన పెట్టుకోవాలి."

అత్తగారు నవ్వలేదు.

నెల తిరిగాక తాళం తీశారు. బరువు తగ్గినట్టు కాటా చూపించింది. అత్తగారు దాన్ని నమ్మక పుల్ల ముంచి, వేలు పెట్టి కొలిచింది. సరిగ్గా ఒక వేలు తగ్గింది.

"నెలకి ఒక వేలు," అంది నెమ్మదిగా. "మూడు నెలలకి మూడు. మరి నాలుగోది?"

కోడలు నోరు తెరిచి ఆగింది. నాలుగూ గాల్లోకే పోయాయత్తయ్యా అంటే అక్కడితో పోతుంది. మరిది మిగులుతాడు, ఇల్లు నిలబడుతుంది. కానీ అదీ ఒకటిన్నరతో హెచ్చవేయడం లాంటిదే. తెలియని చోట తనకి నచ్చిన అంకె వేసి అతికించడమే.

"తెలియదత్తయ్యా. ఈ నెల మబ్బులెక్కువ. అప్పుడు ఎండ మండిపోయింది, నాలుగు వేళ్లూ పోయి ఉండొచ్చు. పోకపోయీ ఉండొచ్చు. నా లెక్కకి ఆ మాత్రం తేడా ఎప్పుడూ ఉంటుంది."

"ఇంత చదివి ఇదా చెప్పేది?"

"ఇంతవరకే చెప్పగలను. మిగతాది చెప్పాల్సింది నేను కాదు."

మర్నాడు ఆఫీసులో ఆగిన బండ్లకి కొత్త పద్దు తెరిచి, కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని రెండంకెలు రాసింది. జనం చెప్పిన గంటల్ని ఉన్నదున్నట్టు ఉంచింది. "పైవాళ్లు ఒక్క అంకె చదవడమే గొప్పమ్మా," అని గొణిగినా, పెద్దసారు సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి మరిది గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు. లోపల అత్తగారు నిలబడి ఉంది.

"ఒరేయ్," అంది. "ఎండాకాలంలో ఆ బండి తీశావా?"

అతను వదిన వైపు చూశాడు. వదిన గోడ వైపు చూసింది.

"ఒక్కసారి స్టార్ట్ చేశానమ్మా. షెడ్డు దాటలేదు. ఊరికే, ఆ చప్పుడు విందామని."

"ఎంతసేపు?"

"నాన్న ఉంటే, ఇక ఆపరా అని కేకేసేదాకా."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ రోజే ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వు అడగలేదుగా. పుల్ల తెచ్చి చూపించావు."

ఆవిడ గుమ్మంలో అతను విప్పిన చెప్పుల వైపు చూసింది. "ఆ గదికి అడ్వాన్సు ఇచ్చేశావా?"

"ఇచ్చాను."

"వెనక్కిస్తాడా?"

"ఏమో. అడిగి చూడాలి."

"అయితే అడుగు," అంది. "నాలాగా ఊరికే అనేసుకోకు."