ముగ్గురి మీద ఒకరు

దేశంలో నిఘా సంస్థలు మూడున్నాయి. ఒకటి విదేశాల సంగతి చూస్తుంది, ఒకటి ఊళ్ల సంగతి, ఒకటి సైన్యం సంగతి. మూడూ ఎప్పుడూ ఎడమొహం పెడమొహమే. వీటి పైన కన్నేసి ఉంచడానికి ప్రభుత్వం కొత్తగా ఒక పదవి సృష్టించి, రిటైరైన జడ్జిగారిని అందులో కూర్చోబెట్టింది. పెద్దావిడ, పైగా మోకాళ్ల నొప్పులు, ఉత్సవ విగ్రహంలా ఉంటుందిలే అని ముగ్గురు డైరెక్టర్లూ లోలోపల సంబరపడ్డారు.

"ఎవరేం చేస్తున్నారో ఆరా తీయడమేగా?" అన్నాడు భర్త, ఆవిడ కళ్లజోడు వెతికిపెడుతూ. "ఇంట్లో ఇన్నేళ్లూ ఊరికే చేశావు. ఇప్పుడు జీతమిస్తారన్నమాట."

ఆఫీసంటే ఒక గది, ఒక సోఫా, ఇంకా ప్లాస్టిక్ కవరు విప్పని బీరువా. అక్కడికి మొదట వచ్చింది ఒక లిఫ్టు మెకానిక్ భార్య.

"విదేశీ రాయబారి ఆఫీసులో లిఫ్టు మాటిమాటికీ ఆగిపోతోందని మా ఆయన్ని పిలిచేవాళ్లమ్మా. అన్నిసార్లు ఎందుకెళ్లావు, నువ్వు గూఢచారివి అని పట్టుకుపోయారు. నేను దాచిన బిస్కెట్లే కనిపెట్టలేడు, ఆయన గూఢచారేంటమ్మా?" అని నవ్వబోయి ఏడ్చేసింది. "పాప పుట్టింది. ఇంకా చూడనేలేదు."

జడ్జిగారు కేసు తెప్పించి చూశారు. మూడు సంస్థలూ విడివిడిగా నిజమేనని తేల్చాయి. ముగ్గురు సాక్షులు ఒకే మాట చెబితే ఇంకేం కావాలి? కోర్టులో అయితే ఆవిడ కూడా నమ్మేసేవారు. కానీ ఇక్కడ ఆ సాక్షులకు ఎవరు చెప్పారో ఏ కాగితంలోనూ లేదు.

కబురు ఎక్కడిదో బయటపెట్టకపోవడం ఆ వృత్తిలో మొదటి నియమం. కానీ ఈ పదవిలో ఉన్నవాళ్లు అడిగితే చెప్పి తీరాలని కొత్త చట్టంలో ఉంది. ఆవిడ ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు.

"మీ దగ్గరే ఉండాలి మేడమ్," అని గొంతు తగ్గించాడు విదేశాల డైరెక్టరు. "ఊళ్ల సంగతి చూసేవాళ్ల ఆఫీసులో మా మనిషొకడున్నాడు. వాడు పట్టుకొచ్చాడు."

ఊళ్ల డైరెక్టరు తలుపు వేసి వచ్చి మరీ చెప్పాడు, సైన్యం వాళ్ల దగ్గర తమ మనిషి ఉన్నాడని. సైన్యం డైరెక్టరు విదేశాల వాళ్ల దగ్గర కాజేశామని ఒప్పుకున్నాడు.

జడ్జిగారికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. ముగ్గురినీ పిలిపించి ఒకే సోఫాలో ఇరికించారు.

"ఈ కబురు సొంతంగా తెచ్చుకున్నవాళ్లు మీలో ఎవరు?"

ఒక్కరూ కాదు. ఎవడో నోరు జారి అన్న అనుమానం మూడిళ్లూ తిరిగి, ప్రతి ఇంట్లోనూ నిజమేనన్న ముద్ర వేయించుకొచ్చింది. అంతే సంగతి.

"ఇప్పుడు వదిలేస్తే మన పరువు పోతుంది మేడమ్," అన్నాడు ఒకడు.

"రేపు ఏదైనా జరిగితే ఈ పదవే ఎత్తేస్తారు," అన్నాడు ఇంకొకడు. మూడోవాడు గట్టిగా తలూపాడు. ముగ్గురూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి.

జడ్జిగారికి భయం వేసిందనే చెప్పాలి. ఈ ఒక్క సంతకం బెడిసికొడితే, ఈ కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోనివ్వరు. అయినా కొత్త చట్టం ఇచ్చిన అధికారంతో విడుదల ఉత్తర్వు మీద సంతకం చేశారు.

మర్నాడు మెకానిక్ భార్యాబిడ్డలతో వచ్చాడు. పాపను ఎలా ఎత్తుకోవాలో తెలియక రెండు చేతులూ బిగబట్టి నిలబడ్డాడు. పాప నిద్రలో మూతి తిప్పితే చాలు, ఏమైందోనని పెళ్లాం వైపు చూస్తున్నాడు. జడ్జిగారికి ప్రాణం లేచొచ్చింది.

"నీకు అన్యాయం జరిగింది బాబూ. ఇంక ఎవరూ నీ జోలికి రారు."

"మీ దయమ్మా," అని వెళ్లబోయి, గుమ్మం దగ్గర ఆగాడు. "నాకైతే మా ఆవిడుంది కాబట్టి మీదాకా వచ్చింది. ఎవరూ రానివాళ్లు లోపల ఇంకా ఉన్నారమ్మా."

జడ్జిగారి ముఖంలో నవ్వు ఆగిపోయింది. అతన్ని వెనక్కి పిలిచి, సోఫాలో కూర్చోబెట్టారు.

"ఎవరెవరో చెప్పు," అన్నారు.