గోడకి వచ్చే అద్దె

మిట్టమధ్యాహ్నం. ఇటుకలు మూడో అంతస్తుకి చేర్చి, మేస్త్రీ నడుం పట్టుకుని నిలబడ్డాడు. సాయానికి కూలిమనిషిని పెట్టమంటే ఇంటాయన పెట్టలేదు. ఎనిమిది వందలిస్తున్నాక మోయడం, కట్టడం వేరువేరు పనులని ఆయన ఒప్పుకోడు.

అద్దెకున్నవాళ్ళు చాటుగా ఆయన్ని ‘అడ్డగోడలాయన’ అంటారు. రెండు గదులు కనిపిస్తే వాటిని మూడు చేసేదాకా తిన్నది అరగదు. ఇలాంటి ఇళ్ళు ఐదున్నాయి. ఒక్కదాంట్లోనూ ఒక్క పూట నిద్రపోయిన పాపాన పోలేదు. ఇవాళ వెంట కొత్త అల్లుణ్ణి తెచ్చాడు. అల్లుడూ ఒక పాత ఇల్లు కొని అద్దెకివ్వాలనుకుంటున్నాడు. మామగారి నోట రాలే ముత్యాలను ఫోన్‌లో రాసుకుంటున్నాడు.

“రంగులు చూసి మోసపోకు అల్లుడూ. పైపులు చూడు, కాగితాలు చూడు, బస్సు ఎంత దూరమో చూడు. కొన్నాక మాత్రం మెత్తబడకు. కుళాయి కారుతోందంటే తలూపు. నెల్లాళ్ళు ఊపితే వాళ్ళే బకెట్ పెట్టుకుంటారు.”

అల్లుడు నవ్వాడు. నవ్వి, బకెట్ సంగతీ రాసుకున్నాడు.

గదిలో కుట్టుమిషను ఆగింది. ఆ గదిలో అద్దెకుండే దర్జీ ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. వెనక మంచం మీద ఆమె అత్తగారు ఆయాసపడుతూ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ గదికున్నది ఆ కిటికీ ఒక్కటే. మధ్యలో గోడ లేస్తే అది అవతలి భాగంలోకి పోతుంది.

“గోడ కడితే మాకు గాలెలా వస్తుందండీ? ఆరేళ్ళలో ఒక్క నెల అద్దె ఆపామా?”

“అందుకేగా తగ్గిస్తున్నాను! ఐదు వేలకి బదులు నాలుగున్నర ఇవ్వు.” ఆమె అక్కడే ఉందన్న జంకు కూడా లేకుండా అల్లుడివైపు తిరిగాడు. “అవతలి ముక్కా నాలుగున్నరకి పోతుంది, దానికి కిటికీ ఉందిగా. గాలికి అద్దె రాదయ్యా, గోడకి వస్తుంది.”

నిరుడు కింది అంతస్తులో ఇలాంటి గోడే కట్టాడు మేస్త్రీ. అడగడం తన పని కాదనుకున్నాడు. వానలు వెళ్ళేసరికి ఆ గదంతా బూజు పట్టింది, అందులోని పసిబిడ్డకు దగ్గు పట్టుకుంది. మొన్న వాళ్ళు ఖాళీ చేసినప్పుడు, గోడ పాడుచేశారని ఈ పెద్దమనిషి అడ్వాన్సులో సగం మింగాడు.

“ఏం మేస్త్రీ, గుడ్లప్పగించి చూస్తావేం? గోడ వరసకి దారం కట్టు.”

“కట్టనండి.”

“దారమా?”

“గోడ.”

అడ్డగోడలాయన మొహం ముడుచుకుంది. “ఊళ్ళో మేస్త్రీలు గొడ్డుపోయారనుకున్నావా?”

“లేదండి. ఇటుకలు మోసిన కూలి ఇప్పించండి.”

“కట్టనివాడికి కూలేంటి? దిగు కిందకి!”

అల్లుడు ఇది కూడా రాసుకున్నాడు.

మేస్త్రీ సామాను సంచిలో వేసుకుని మెట్లు దిగాడు. ఇంట్లో ఏం చెప్పాలో తెలియక గేటు దగ్గర నిలబడ్డాడు. అంతలో ఫోన్ మోగింది. బావమరిది. వాడూ తాపీపనే చేస్తాడు.

“బావా, ఆ అడ్డగోడలాయన ఇప్పుడే ఫోన్ చేశాడు. మూడో అంతస్తులో చిన్న గోడంట. వెయ్యి ఇస్తాడంట. రేపొద్దున వెళ్ళనా?”

మేస్త్రీ పైకి చూశాడు. కిటికీ ఊచలు పట్టుకుని ముసలామె ఊపిరి తీసుకుంటోంది.

“రేపు కాదు, ఇప్పుడే రా. ఆ ఇంటి ముందే ఉన్నాను, ఆ కిటికీ ఒకసారి చూద్దువుగాని,” అన్నాడు. “తాపీ తేకు.”