కట్ చెప్పాక తీసిన నవ్వు

2024 నవంబర్ 9, శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు, కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఒక ఇంటి గరాజ్‌లో, ఇంగ్లండ్ నటుడు కాలిన్ రెడ్‌ఫెర్న్ చనిపోయే షాట్ తీశారు. షాట్ అయ్యాక అతను నవ్వలేదు. షూటింగ్ ఆగిపోయింది.

రెడ్‌ఫెర్న్‌కి అరవై మూడేళ్ళు. ఆ సినిమాకి దర్శకుడు కూడా అతనే. వాషింగ్ మెషీన్ పక్కన నేల మీద పడుకుని, కళ్ళు మూసుకుని, చాలనుకున్నప్పుడు తనే "కట్" అన్నాడు. కెమెరా ఆగలేదు. కెమెరామన్ పద్మనాభం తల ఎత్తకుండానే, "సార్, వన్ స్మైల్ ప్లీజ్," అన్నాడు.

రెడ్‌ఫెర్న్ కళ్ళు తెరిచాడు. కెమెరా మీద ఎర్ర దీపం వెలుగుతూ ఉంది.

"ఇంకా తిరుగుతోందా?"

"యెస్ సార్. వన్ స్మైల్. దెన్ ఫినిష్."

రెడ్‌ఫెర్న్ లేచాడు. నిర్మాత శశికాంత్ దగ్గరికి వెళ్ళి, కట్ చెప్పాక కెమెరా తిరగకూడదని తమ కాంట్రాక్ట్‌లో రాసుకున్నామా లేదా అని అడిగాడు. రాసుకున్నామని శశికాంత్ ఒప్పుకున్నాడు. రెడ్‌ఫెర్న్ మేకప్ తీసేసుకుని, కారు పిలిపించుకుని, ప్లెజంటన్‌లో తాను దిగిన హోటల్‌కి వెళ్ళిపోయాడు.

తెలుగు సినిమా సెట్ల మీద, చనిపోయినట్టు నటించినవాళ్ళని ఆ షాట్ అవగానే లేపి నవ్విస్తారు. చావును తీసిన కెమెరాతోనే ఆ నవ్వునీ తీస్తారు. దాన్ని సినిమాలో వాడరు. తెర మీది చావు అక్కడితో సరి, మనిషి దాకా రాదని నమ్మకం. పద్మనాభం హైదరాబాద్‌లో కెమెరా డిపార్ట్‌మెంట్‌లో పదకొండేళ్ళు పనిచేసి 2021లో అమెరికా వచ్చాడు. బే ఏరియాలో పెళ్ళిళ్ళూ, ఓణీల ఫంక్షన్లూ షూట్ చేస్తాడు. ఈ సంగతి రెడ్‌ఫెర్న్‌కి ముందుగా చెప్పాలని అతనికి తోచలేదు. శశికాంత్‌కీ తోచలేదు. శశికాంత్ శాన్ రామన్‌లో ఉంటాడు, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. కాంట్రాక్ట్ పూర్తిగా చదివే సంతకం పెట్టాడు. కెమెరా గురించిన షరతు షూటింగ్‌కి సంబంధించిందని అతను అర్థం చేసుకున్నాడు. నవ్వు తీయడం షూటింగ్ కింద వస్తుందని అనుకోలేదు.

ఆ షరతు వెనక రెడ్‌ఫెర్న్ కెరీర్ ఉంది.

అతను ఇంగ్లండ్‌లోని రేవు పట్టణం గ్రిమ్స్‌బీలో పుట్టాడు. తండ్రి చేపల మార్కెట్‌లో గుమాస్తా. ఇరవై రెండో ఏట నాటకాల్లో చేరాడు, తర్వాత టెలివిజన్‌కి వెళ్ళాడు. 1994లో మొదటి అమెరికన్ సినిమా వచ్చింది. అందులో బ్యాంకు దోచుకుని మేడ మీంచి పడి చనిపోయాడు. సినిమా ఆడింది. అప్పటినుంచి అమెరికాలో అతనికి వచ్చిన వేషాలు దాదాపు అన్నీ ఒకటే. ఇంగ్లిష్ యాస ఉన్నవాడు విలన్, విలన్ చివరి రీలులో చావాలి. అతన్ని తుపాకీతో కాల్చారు, నీళ్ళలో ముంచారు, ఒకసారి మొసలికి వేశారు. ఆ డబ్బుతో అతను తన సినిమాలు తీసుకున్నాడు. ఈ సినిమాకి ముందు తను దర్శకత్వం వహించిన వాటిలో తను నటించలేదు.

మొదటిది గ్రిమ్స్‌బీ జాలర్ల మీద. ఫెస్టివల్స్‌లో రెండు బహుమతులు వచ్చాయి. రెండోది 2011లో, ఒక అంత్యక్రియల మీద. శవపేటికలో ఎలా పడుకోవాలో నటుడికి చూపించడానికి ఒకరోజు తనే అందులో పడుకున్నాడు. కెమెరా తిరుగుతోందని అతనికి తెలియదు. మూత దగ్గర చొక్కా ఇరుక్కుంది, నవ్వు వచ్చింది. విడుదలకు ముందు పంపిణీ సంస్థ ఆ ముక్కని ఇంటర్నెట్‌లో పెట్టింది. దాన్ని లక్షల మంది చూశారు. సినిమాని కామెడీ అనుకుని వచ్చినవాళ్ళు మధ్యలో లేచి వెళ్ళిపోయారు. రెండు వారాల్లో సినిమాని థియేటర్లలోంచి తీసేశారు. మూడో సినిమా 2016లో థియేటర్ దాకా రాలేదు. ఆ తర్వాత దర్శకత్వం చేయమని అతన్ని ఎవరూ పిలవలేదు.

2019లో ఒక తెలుగు సినిమాలో బ్రిటిష్ కలెక్టర్ వేషం వేయడానికి హైదరాబాద్ వెళ్ళాడు. అక్కడ గుర్రం మీంచి పడి చనిపోయాడు. ఆ యూనిట్‌లో పద్మనాభం కెమెరా ఆపరేటర్. నాలుగేళ్ళ తర్వాత, శశికాంత్ ఒక సినిమా తీయాలని స్నేహితుల్ని కూడగట్టినప్పుడు, రెడ్‌ఫెర్న్ పేరు చెప్పింది పద్మనాభమే. కథ శశికాంత్ రాసుకున్నది. డబ్లిన్‌లో ఒంటరిగా ఉండే ఒక ఇంగ్లిష్ ముసలాయన తన ఇంట్లో ఒక గది తెలుగు విద్యార్థికి అద్దెకిస్తాడు. ఒకరోజు గరాజ్‌లో చనిపోతాడు. మర్నాడు పొద్దున విద్యార్థి వంటగదిలోకి వచ్చి, అలవాటుగా ఇద్దరికీ టీ పెడతాడు. అదే చివరి సీను. రెడ్‌ఫెర్న్ దర్శకత్వానికి ఒప్పుకున్నాడు. ముసలాయన వేషం కూడా అతనే వేయాలని డబ్బు పెట్టినవాళ్ళు పట్టుబట్టారు. దానికీ ఒప్పుకున్నాడు. కెమెరా షరతు అతను అడిగినది.

యూనిట్‌లో అందరికీ ఉద్యోగాలున్నాయి కాబట్టి శని, ఆదివారాల్లోనే తీశారు. ఇల్లు గిరిజది. ఆమె శశికాంత్ పెద్దమ్మ కూతురు. వంటగది కొట్టించి కొత్తది కట్టించుకుంటోంది కాబట్టి, ఈలోగా వాడుకోమని ఇల్లు ఇచ్చింది. పాత క్యాబినెట్లు పీకడానికి సోమవారం పొద్దున మనుషులు వస్తున్నారు. వంటగదిలో జరిగే మిగతా సీన్లన్నీ తీయడం అయిపోయింది. చివరి సీను ఆదివారానికి ఉంచారు. అది ఆ ఆదివారం తీయకపోతే ఇక ఆ వంటగది ఉండదు. మంగళవారం రెడ్‌ఫెర్న్ ఇంకో సీరీస్ షూటింగ్ కోసం బుడాపెస్ట్ వెళ్ళాలి.

శనివారం సాయంత్రం గిరిజ తన నిర్ణయం చెప్పింది.

"కార్తీక మాసంలో మా గరాజ్‌లో చచ్చిపోయి, ఆయన వెళ్ళి హోటల్లో పడుకుంటాడా? నేనెక్కడ పడుకోవాలి మరి?"

"అక్కా, అది యాక్టింగే కదా," అన్నాడు శశికాంత్.

"యాక్టింగే అయితే నవ్వడం కూడా యాక్ట్ చెయ్యమను."

"కాంట్రాక్ట్‌లో ఉంది అక్కా. లీగల్‌గా మనం బ్రీచ్‌లో ఉన్నాం."

"నేనేమన్నా సైన్ చేశానా? ఇల్లు ఇస్తానన్నాను గానీ శ్మశానం ఇస్తానన్లేదు. రేపు ఆయన నవ్వితే డోర్ తీస్తాను. లేకపోతే ఆ టీ ఏదో మీ ఇంట్లో పెట్టుకో."

"మా వంటగది వేరేగా ఉంటుంది. కంటిన్యుటీ పోతుంది."

"పోనీ."

పద్మనాభం ట్రైపాడ్ మడుస్తూ, "అక్క చెప్పేది కరెక్టే అన్నా," అన్నాడు. "అయినా శవం కట్ చెప్పుడు నేను యాడ చూడలే."

ఆదివారం పొద్దున ఏడింటికి శశికాంత్, పద్మనాభం హోటల్‌కి వెళ్ళారు. రెడ్‌ఫెర్న్ కింద బ్రేక్‌ఫాస్ట్ బల్ల దగ్గర ఉన్నాడు. శశికాంత్ ముందు క్షమాపణ చెప్పాడు. తర్వాత ఆ ఆనవాయితీ ఏమిటో చెప్పాడు. గిరిజ మాట కూడా చెప్పాడు. ఆయనతో మాటలు ఇంగ్లిష్‌లో జరిగాయి.

"ముప్పై ఏళ్ళుగా చస్తున్నాను," అన్నాడు రెడ్‌ఫెర్న్. "నవ్వమని ఎవరూ అడగలేదు. ఏమీ కాలేదు."

"ఒకసారి నవ్వారు సార్," అన్నాడు పద్మనాభం.

"ఎప్పుడు?"

"హైదరాబాద్‌లో. గుర్రం మీంచి పడ్డాక."

రెడ్‌ఫెర్న్ గుర్తు చేసుకున్నాడు. "ఎవరో కుర్రవాడు స్మైల్ అన్నాడు. అది ఫొటో."

"ఫొటో కాదు సార్. కెమెరా తిరుగుతోంది. ఆపరేటర్‌ని నేనే."

రెడ్‌ఫెర్న్ కప్పు కింద పెట్టాడు. "అది ఇప్పుడెక్కడుంది?"

"తెలియదు సార్. అక్కడే ఎక్కడో ఉంటుంది."

"ఎవరెవరు చూశారు?"

"దాన్ని ఎవరూ చూడరు సార్."

"ఎవరూ చూడనిదాన్ని తీయడం ఎందుకు?"

పద్మనాభం శశికాంత్ వైపు తిరిగి తెలుగులో, "ఇదేం ప్రశ్న అన్నా? తీస్తే అయిపోతది గదా," అన్నాడు.

"తీస్తే చాలట," అని శశికాంత్ ఇంగ్లిష్‌లో చెప్పాడు.

రెడ్‌ఫెర్న్ ఫోన్ తీసి తన పేరు, హైదరాబాద్, నవ్వు అని కలిపి వెతికాడు. 2011 నాటి శవపేటిక వీడియో వచ్చింది. మాటలు మార్చి మళ్ళీ వెతికాడు. మళ్ళీ అదే వచ్చింది. హైదరాబాద్‌లో తీసింది ఎక్కడా లేదు.

ఫోన్ జేబులో పెట్టుకుని అతను ఒక కోరిక కోరాడు. నవ్వు వేరే మెమరీ కార్డులో తీయాలి. తీసిన వెంటనే ఆ కార్డు గిరిజ చేతికివ్వాలి. నిర్మాత దగ్గర గానీ, కెమెరామన్ దగ్గర గానీ ఉండకూడదు. శశికాంత్ సరేనన్నాడు.

తొమ్మిదింటికి గిరిజ గరాజ్ తలుపు తీసింది. రెడ్‌ఫెర్న్ ముందురోజు చొక్కాయే వేసుకుని, ముందురోజు పడుకున్నచోటే పడుకుని, లేచి కూర్చుని నవ్వాడు.

"అది విలన్ నవ్వు," అంది గిరిజ.

శశికాంత్ అనువదించాడు. రెడ్‌ఫెర్న్ తలూపి మళ్ళీ పడుకున్నాడు. ఈసారి పెదవులు కదిపాడు.

"ఇది పాస్‌పోర్ట్ ఫొటో. ఇంతోటి దానికా పొద్దున్నుంచీ?"

రెడ్‌ఫెర్న్ లేచి కెమెరా దగ్గరికి వెళ్ళి లెన్స్ మార్చమన్నాడు. దీపాన్ని అడుగు వెనక్కి జరపమన్నాడు.

"అన్నా, దీనికి లెన్స్ ఏంది?" అన్నాడు పద్మనాభం. "దేవుడి పటం ముందర కర్పూరం వెలిగించేటప్పుడు లైటింగ్ చేస్తమా?"

"మార్చెయ్యి పద్మనాభం. టైమ్ లేదు."

సామాను సర్దుకోవడానికి గిరిజ ముందే లోపలికి రానిచ్చిన తేజేశ్వర్ వంటగదిలో ఎదురుచూస్తున్నాడు. విద్యార్థి వేషం అతనిది, నిజంగానే ఎమ్మెస్ చదువుతున్నాడు. సీను కోసం పెట్టిన నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోతే స్టవ్ ఆపేశాడు. లెన్స్ మార్చారు. మూడోసారి కూడా గిరిజ తల అడ్డంగా ఊపింది. అప్పటికి పదిన్నర అయింది. వంటగది కిటికీలోకి ఎండ పన్నెండు దాకానే ఉంటుంది. ఆ ఎండలోనే సీను తీయాలని రెడ్‌ఫెర్న్ నెల క్రితమే నిర్ణయించాడు.

"నాకు కావాలన్నప్పుడు నవ్వు రాదు," అన్నాడు రెడ్‌ఫెర్న్. "అందుకే నన్ను చంపుతారు."

నాలుగోసారి పడుకున్నాక అతను లేవలేకపోయాడు. మోకాలు పట్టేసింది. శశికాంత్ ఒక చెయ్యి, పద్మనాభం ఒక చెయ్యి పట్టుకుని లాగారు. కెమెరా తిరుగుతూనే ఉంది.

"బతికున్నవాణ్ణి లేపడానికి ఇద్దరా?" అంది గిరిజ. "నయం, నలుగురు రాలేదు." అని నాలుక కరుచుకుంది.

పద్మనాభం ముఖం పక్కకి తిప్పుకున్నాడు. శశికాంత్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏమంది?" అని రెడ్‌ఫెర్న్ అడిగాడు.

"ఏమీ లేదు."

"ఏమందో చెప్పండి."

"మా వైపు మనిషి పోతే మోసుకెళ్ళడానికి నలుగురు కావాలి," అన్నాడు శశికాంత్. "మీకు ఇంకా ఇద్దరు తక్కువట."

రెడ్‌ఫెర్న్ గిరిజ వైపు చూశాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. అతను నవ్వాడు. ఒక చెయ్యి శశికాంత్ భుజం మీద, ఒక కాలు నేల మీద పెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. పద్మనాభం వెళ్ళి కెమెరా ఆపి, "ఓకే," అన్నాడు. కార్డు తీసి గిరిజకి ఇచ్చాడు. ఆమె దాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని, గరాజ్‌లోంచి వంటగదిలోకి వెళ్ళే తలుపు తీసింది.

సీనుకి గంటన్నర కన్నా తక్కువ మిగిలింది. రెడ్‌ఫెర్న్ ఎప్పుడూ రిహార్సల్స్ చేయిస్తాడు. ఆ రోజు చేయించలేదు. తేజేశ్వర్‌కి ఒక మాట చెప్పాడు: "రెండో కప్పు తీసేటప్పుడు నన్ను తలుచుకోకు. ఆఫీస్‌కి లేటవుతోందని అనుకో."

"సార్, నాకు ఇంకా ఆఫీస్ లేదు. ఇంటర్వ్యూలు అవుతున్నాయి."

"అయితే ఇంటర్వ్యూకి లేటవుతోందని అనుకో."

మొదటి టేక్‌లో పాలు పొంగాయి. రెండో టేక్ సగంలో పక్కింటి లాన్ మోయర్ మొదలైంది. గిరిజ వెళ్ళి మాట్లాడి వచ్చింది. మూడో టేక్ ఎండ కిటికీ చట్రం దాటే లోపల పూర్తయింది. రెడ్‌ఫెర్న్ కట్ అన్నాడు. పద్మనాభం వెంటనే ఆపాడు.

సోమవారం క్యాబినెట్లు పీకేశారు. మంగళవారం రెడ్‌ఫెర్న్ బుడాపెస్ట్ వెళ్ళాడు.

2025 మే నెలలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక పంపిణీ సంస్థ సినిమా చూసింది. కొనడానికి ముందుకొచ్చింది. గరాజ్‌లో తీసిన నవ్వు గురించి ఆ సంస్థ వాళ్ళకి యూనిట్‌లో ఎవరో చెప్పారు. అది సినిమా చివర పేర్ల పక్కన వేస్తే రెండు వందల థియేటర్లలో, వేయకపోతే తొమ్మిదింట్లో విడుదల చేస్తామన్నారు. రెడ్‌ఫెర్న్ ఆ ముక్క తన దగ్గర లేదని జవాబు రాశాడు. వాళ్ళు శశికాంత్‌ని అడిగారు. అతను గిరిజకి ఫోన్ చేశాడు.

"రెండు వందల థియేటర్లు అక్కా. ఇచ్చేద్దామా?"

"ఆయనేమన్నాడు?"

"కార్డు నీ దగ్గరుంది కాబట్టి నీ ఇష్టమేనన్నాడు."

"అది జనానికి చూపించడానికి తీసింది కాదు శశీ. ఆయనకి తెలిసింది, నీకు తెలీలేదా?"

"తెలుసులే. అడగాలి కాబట్టి అడిగాను."

"అడిగావుగా. కొత్త కిచెన్ చూడ్డానికి ఆదివారం రండి. పద్మనాభం గారిని కూడా తీసుకురా. కెమెరా వద్దని చెప్పు."

సినిమా 2025 సెప్టెంబర్ 19న తొమ్మిది థియేటర్లలో విడుదలైంది. విద్యార్థి రెండో కప్పులో టీ సింక్‌లో పారబోసి, కప్పు కడిగి బోర్లించే షాట్‌తో అది ముగుస్తుంది.