కామాక్షయ్య గుంటలో ఆగిన చక్రాలు

ఈ కథలో ఒక్క ముక్క అబద్ధమని తేలినా నా మీసం తీసి మీ చేతిలో పెడతాను. కోవూరు నుంచి సముద్రం దాకా వెతకండి, రొయ్యల సంగతీ కంప్యూటర్ల సంగతీ రెండూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

పొద్దున పదకొండు గంటలు. మబ్బు నేల మీదికి దిగినట్టుంది. సముద్రం పక్కనే ఉన్నా గాలి లేదు. అలాంటి రోజు రొయ్యల గుంటలో నీళ్ళకు ఊపిరి తక్కువ. ఏరేటర్ల చక్రాలు ఆగకుండా నీళ్ళను చిలుకుతూనే ఉండాలి. నీళ్ళలో ఊపిరి కొలిచి ఆ చక్రాలను తిప్పే, ఆపే కంప్యూటర్ పెట్టెను బిగించింది వెన్నెల. షెడ్డులో కూర్చున్న ఆమె చెవికి ఆ చప్పుడు ఠక్కున ఆగిపోవడం వినబడింది.

ల్యాప్‌టాప్‌లో చూసింది. ఆక్సిజన్ ఏడున్నర.

ఎండ కాసే మధ్యాహ్నమైతే సరే, ఇంత మబ్బులో ఏడున్నర ఎక్కణ్ణుంచి వస్తుంది? ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని గట్టు మీదికి పరిగెత్తింది. చెక్కబల్ల చివర ఆమె చిన్నాయన పెంచల్ నిలబడి, చెక్ ట్రే పైకి లాగి, రొయ్యలు మేత ఎంత మిగిల్చాయో చూస్తున్నాడు. అదే తాడుకు ఆక్సిజన్ కొలిచే సెన్సర్ వేలాడుతోంది. దాన్ని కండువాతో తుడుస్తున్నాడు.

“చిన్నాయనా! దాన్ని నేను గుంజకు గదా కట్టినాను! ట్రేకి ఎవురు మార్చినారు?”

“నేనే. నీ గుంజ కాడికి పోవాలంటే నడుం లోతు నీళ్ళలో దిగాల. దీనికా, రోజూ పాచి పడతావుంది. ట్రేతో పాటు పైకొస్తే తుడిచి దించేయొచ్చు. నా తెలివి చూసి అందురూ ఇట్నే కట్టుకున్నారు మే.”

“అందురూ అంటే?”

“నువ్వు పెట్టెలు బిగించిన పదకొండు గుంటలోళ్ళూ.”

సంగతి వెన్నెలకు అర్థమైంది. గాలిలోకి వచ్చిన సెన్సర్ నిండు కొలత చూపిస్తుంది. ఆ కొలతను నమ్మి ప్రోగ్రాం చక్రాలకు గంటసేపు సెలవిచ్చేస్తుంది. అన్ని గుంటల్లోనూ తొమ్మిదింటికి మేత, పదకొండింటికి ట్రే. ఇన్నాళ్ళూ ఎండా గాలీ కాపాడాయి. ఈ రోజు ఆ రెండూ లేవు.

పెంచల్ చేత్తో స్విచ్చి వేశాడు. వెన్నెల మిగతావాళ్ళకు ఫోన్లు కలిపింది. తొమ్మిదిమంది ఎత్తారు. కామాక్షయ్య ఎత్తలేదు. రెండు పంటలు తెగులుకు పోయి, మూడోది వెన్నెల మాట మీద వేసినవాడు ఆయనే. ఆయన గుంట ఉప్పుకాలవకు అవతల ఉంది. వంతెన చుట్టి పోవాలంటే అరగంట.

“నేను బండి మీద పోతావుండా. నువ్వు ఆ పెట్టెకు బుద్ధి చెప్పు,” అని పెంచల్ కిక్కు కొట్టాడు.

పెట్టెకు బుద్ధి చెప్పడం ఆమె ఒక్కతి చేతిలో లేదు. ఆ ప్రోగ్రాం ఎవరి సొంతమూ కాదు. రాసిందంతా అందరికీ కనబడేలా పెట్టి ఉంటుంది. ఎవరైనా దిద్దుబాటు రాసి పంపవచ్చు. దాన్ని చూసుకునే పెద్ద తలకాయ ఒప్పుకుంటేనే అది అందులో కలుస్తుంది. పెట్టెలు పది నిమిషాలకోసారి ఆ ఉమ్మడి ప్రతినే చూసి మారి, పాత సెలవు మరిచి కొత్తగా మేలుకుంటాయి, ఇంకెవరి మాటా వినవు. పెద్ద తలకాయ పేరు మిన్. వియత్నాంలో ఉంటాడు.

కొలత ఒక్కసారిగా ఎగిరితే నమ్మొద్దు, అయిదు నిమిషాలు నిలిస్తేనే చక్రాలు ఆపు. ఈ సంగతే పది వరుసల్లో రాసి పంపింది. నాలుగు నిమిషాలకు జవాబు వచ్చింది.

“మీ సెన్సర్ చెడిపోయి ఉంటుంది, మార్చుకోండి. నీళ్ళలోంచి దాన్ని ఎవరు తీస్తారు?”

 కామాక్షయ్యకు మళ్ళీ ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. ల్యాప్‌టాప్‌ను గట్టు మీద పెట్టి, ఒక చేత్తో ట్రే ఎత్తుతూ రెండో చేత్తో వీడియో తీసింది. ట్రే పైకొచ్చింది, తెర మీద మూడు కాస్తా ఏడున్నర అయింది. దాని కింద రాసింది: “మేం తీస్తాం. రోజుకు నాలుగుసార్లు. పాచి తుడిచి దించుతాం. ఇప్పుడొక గుంటలో చక్రాలు ఆగి పదిహేను నిమిషాలైంది.”

“మా నాన్నదీ రొయ్యల గుంటే. ఆ పాచిని రోజూ తిడతాడు,” అన్నాడు మిన్. “పరీక్షలు నడుపుతున్నాను.”

పరీక్షలు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. చివరిది తప్పి ఎర్రబడింది. పెట్టె అప్పుడే మేలుకుంటే పోల్చడానికి పాత కొలతే ఉండదు. ఆ సంగతి మరిచింది! గబగబా రెండు వరుసలు చేర్చింది. పంపే మీట మీద వేలు పెట్టి ఆగిపోయింది. ఇదీ తప్పైతే ఒక్క గుంటతో పోదు, ఎన్ని దేశాల్లో ఎన్ని గుంటలో.

సరిగ్గా అప్పుడే గుంటలోంచి జానెడు రొయ్య ఒకటి చెంగున ఎగిరి మీట మీద పడింది. దిద్దుబాటు వెళ్ళిపోయింది.

పరీక్షలన్నీ పచ్చబడ్డాయి. మిన్ కలిపేశాడు. తర్వాతి పది నిమిషాలు వెన్నెల గట్టు మీద గడ్డి పీకుతూ కూర్చుంది.

ఫోన్ మోగింది. పెంచల్ ఒగర్పు వినబడింది. దాని వెనక నీళ్ళు చిలుకుతున్న చప్పుడు.

“తిరగతావుండాయి మే. నేను ముట్టుకోలా.”

వెనక నుంచి కామాక్షయ్య గొంతు. “ఏంది పెంచలా, కుక్క తరిమిందా?”

“ఫోన్ యాడబెట్నావయ్యా సామీ?”

“చొక్కాలో. చొక్కా షెడ్డులో.”

“రొయ్యలు?” అంది వెన్నెల.

కామాక్షయ్యే ఫోన్ తీసుకున్నాడు. “గట్టెమ్మడి రెండు గంపలు పోయినాయమ్మా. మిగతాయి ఊపిరాడి మళ్ళా అడుక్కి దిగినాయి.” ఆ వెంటనే అడిగాడు. “ఇప్పుడీ సెన్సర్ యాడ కట్టమంటావు?”

“ట్రేకే ఉండనీ మామా. తుడస్తా ఉండు.”

ప్రోగ్రాంలో ఆ దిద్దుబాటు పక్కన వెన్నెల పేరు పడింది. తప్పు కనిపెట్టినవారు అన్నచోట ఆమె పెంచల్ పేరు రాసింది.

ఇక నా మీసం సంగతి. పుట్టినప్పటి నుంచీ నాకది మొలవనే లేదు. కంప్యూటర్ ముందు కూర్చున్నది ఒక్కసారే, ఆధార్ ఫోటోకి. కాబట్టి ధైర్యంగా ఒప్పుకుంటున్నాను: రొయ్య ఎగిరిందన్నది నా కల్పన. ఆ మీట నొక్కింది ఆ పిల్లే, కళ్ళు గట్టిగా మూసుకుని.