గడ్డం గుండెకి

హాలంతా పరుపులు పరిచి, తడిగుడ్డతో తుడిచి, పదకొండు మంది ఆడపిల్లల జడలు బిగించి కట్టేసరికి ఆమె నడుము పట్టేసింది. "ఆ మూల పరుపుల మధ్య సందుంది, కనపడలేదా?" అన్నాడు భర్త, మెడలో ఈల తగిలించుకుంటూ. పిల్లలకి ఆయన కోచ్ సారు. ఆమె, వట్టి ఆంటీ.

పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకే చోట జిమ్నాస్టిక్స్ నేర్చుకున్నారు. ఆయన ఇంకా కిందా మీదా పడే రోజుల్లోనే ఆమె వరసగా ఆరు పిల్లిమొగ్గలు వేసి తొణక్కుండా నిలబడేది. "పిల్లల తల్లివయ్యాక కూడా ఈ తలకిందుల పనులేంటమ్మా," అంది అత్తగారు. "క్లాసులు మనవేగా, నువ్వు వెనకుండి చూసుకో," అన్నాడాయన. వెనకుండి చూసుకోవడమంటే ఊడవడం, ఉతకడం, ఫోన్లెత్తడం. తొమ్మిదేళ్ళయినా ఒళ్ళు మాత్రం ఊరుకోలేదు. గిన్నెలు తోముతున్నా మడమలు లేస్తాయి. బట్టలు ఆరేస్తూ చేతులు పైకెత్తి చెవులకి ఆనించి నిలబడిపోతుంది. ఎవరో పిలుస్తారు, దించేస్తుంది.

వచ్చే వారమే ప్రదర్శన. తల్లిదండ్రులు గోడవారన కూర్చుని చూస్తున్నారు. మొదటి పాఠాలు ఎగరగొట్టి, ఆయన పిల్లల్ని పరిగెత్తించి పల్టీలు కొట్టిస్తున్నాడు. టైలరమ్మ కూతురు నడినెత్తి పరుపుకి ఆనించి దొర్లింది. మెడ ఒక పక్కకి మడతపడింది. పిల్ల సన్నగా మూలిగింది.

"బరువంతా మెడమీద పడుతోంది. ఆపండి," అంది ఆమె.

"నీ పని నువ్వు చూసుకో," అన్నాడు, తల్లిదండ్రుల వైపు నవ్వుతూనే గొంతు తగ్గించి. మళ్ళీ ఈల ఊదాడు.

ఆమె వెళ్ళి పిల్లకి అడ్డంగా నిలబడింది. "నువ్వు వెయ్యకమ్మా, కూర్చుని చూడు." గొంతుక్కూర్చుని అరచేతులు పరుపుకి ఆనించింది. "గడ్డం గుండెకి అంటుకోవాలి. నడుమెత్తి కాళ్ళతో తొయ్యాలి. నెత్తి తగలకూడదు, ముందు తగలాల్సింది వీపు పైభాగం."

మోకాళ్ళు కలుక్కుమన్నాయి. దొర్లుతుంటే పైకప్పు గిర్రున తిరిగింది. చేతులు ఊనకుండానే లేచి నిలబడింది.

టైలరమ్మ వచ్చి కూతురి మెడ తడిమి చూసింది. "మీకింత తెలిసీ, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?"

ఆమెకి సిగ్గేసింది.

"ఇంటికెళ్ళాక మాట్లాడదాం," అన్నాడాయన పళ్ళు బిగించి.

"ఇక్కడే మాట్లాడండి," అంది ఆమె, తర్వాతి పిల్లని కూర్చోబెట్టి తల మెల్లగా వంచుతూ. "పాఠం చెబుతూనే వింటాను."